శాసనసభ్యుల పనిని ఎలా కొలవాలి?
డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి శాసనసభా జీవితం - ఒక పరిశీలన

శాసనసభ్యుడు అనగానే మనలో చాలామందికి మొదట గుర్తుకొచ్చేది ఆయన చేయించిన పని. మా వూరికి రోడ్డు వేయించాడు, ఫలానావారి అబ్బాయికి సీటు ఇప్పించాడు, శంకుస్థాపన ఫలకం మీద ఆయన పేరుంది - ఇదీ మన లెక్క. రోడ్డు అక్కర్లేదని ఎవరూ అనరు. కాని ‘శాసనసభ్యుడు’ అన్న మాటలోనే ‘శాసనం’ ఉంది. ఆయన సభలో ఏ బిల్లును బలపరిచాడు, దేనికి సవరణ తెచ్చాడు, దేనిని వ్యతిరేకించాడు, తన నాలుగైదేళ్ల కాలంలో ఏ సమస్యను ముందు పెట్టుకున్నాడు - ఈ ప్రశ్నలు మనం అడగం. అడగం గనుకనే వారూ చెప్పరు. కాలేజీ యూనియన్ ఎన్నికల్లో సైతం మనం ఓటు వేసేది మనిషిని చూసే గాని ప్రణాళికను చూసి కాదు కదా!

ఒక శాసనసభ్యుని పనిని సక్రమంగా పరిశీలించడం ఎలాగో తెలుసుకోవాలంటే ఒక మంచి ఉదాహరణ కావాలి. అటువంటి ఉదాహరణ ఉమ్మడి మద్రాసు రాష్ట్ర చరిత్రలో ఉంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో ఆ రాష్ట్రంలో భాగమే గనుక అది మన చరిత్ర కూడా. ఆ సభ్యురాలు డాక్టర్ ఎస్. ముత్తులక్ష్మీరెడ్డి. ఆమె సభలో ఉన్నది మూడున్నర సంవత్సరాలే. ఆ కొద్దికాలంలో ఆమె ఏం చేశారు, ఏం చేయలేకపోయారు, చేసినదాని ఫలితం ఏమైంది అన్నదే ఈ వ్యాసం.

ఎవరీమె?

ఇంటిపేరులాగా కనబడే ‘రెడ్డి’ని చూసి ఈమెను తెలుగు మహిళ అనుకునేవారున్నారు. నిజానికి ఈమె తమిళ కుటుంబంలో పుట్టారు. ‘రెడ్డి’ భర్త డాక్టర్ సుందరరెడ్డి గారి పేరు నుంచి వచ్చింది. 1886 జులై 30న పుదుక్కోట సంస్థానంలో జననం. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చిన స్త్రీ. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత సభలో ఆమె మాట్లాడిన సమస్య పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, పుట్టినింటి నుంచి ఎరిగినదే.

ఆడపిల్లను మగపిల్లల కళాశాలలో చేర్చుకోవడమా అని పుదుక్కోటలో పెద్ద గొడవ జరిగింది. సంస్థానాధీశుడు మార్తాండ భైరవ తొండమాన్ జోక్యం చేసుకుని అనుమతించాడు. అక్కణ్ణించి ఆమె మద్రాసు మెడికల్ కాలేజీకి వెళ్లి 1912లో వైద్యపట్టం పుచ్చుకున్నారు. 1925లో ఉన్నత శిక్షణ కోసం ఇంగ్లండు వెళ్లారు. తిరిగివచ్చి ప్రాక్టీసు చూసుకుందామనుకునే సమయంలో, 1926 చివర, మహిళా సంఘాల కోరికపై ప్రభుత్వం ఆమెను మద్రాసు శాసన మండలికి నామినేట్ చేసింది. బ్రిటిషు ఇండియాలో చట్టసభ సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమె. సభ్యులు ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

ఆనాటి సభ ఎలాంటిది?

ఈనాటి అసెంబ్లీని మనసులో పెట్టుకుంటే ఆనాటి కౌన్సిలు మనకు అర్థం కాదు. 1919 చట్టం ప్రకారం రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం నడిచేది. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థలు వంటి శాఖలు మంత్రుల చేతిలో. పోలీసు, న్యాయం, భూమి శిస్తు, ఖజానా వంటివి గవర్నరుగారి కార్యనిర్వాహక మండలి చేతిలో. సభలో 130 మందికి పైగా సభ్యులుంటే వారిలో స్త్రీ ఒక్కతె. ఆస్తి, పన్ను ఉన్నవారికే ఓటు. మద్రాసు రాష్ట్రం 1921లోనే స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చినా, సభలో కూర్చునే హక్కు 1926లో గాని రాలేదు. ఆ ఏడాది ఎన్నికల్లో కమలాదేవీ చట్టోపాధ్యాయ నిలబడి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. కనుక స్త్రీ సభలో ప్రవేశించడానికి అప్పటికి మిగిలిన దారి నామినేషనే.

నామినేటెడ్ సభ్యురాలికి వెనుక పార్టీ లేదు, నియోజకవర్గం లేదు, మంత్రిపదవి రాదు. ఆమెకున్న ఆయుధాలు మూడే. ఒకటి తీర్మానం: దీన్ని సభ ఆమోదించినా ప్రభుత్వానికి అది సిఫారసు మాత్రమే. రెండోది, ఉన్న చట్టానికి సవరణ. మూడోది కొత్త బిల్లు: అనుమతి కోరాలి, ప్రవేశపెట్టాలి, ప్రజాభిప్రాయానికి పంపాలి, సెలక్టు కమిటీ చూడాలి, మళ్లీ సభకు రావాలి. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు వాడాలో తెలియడమే శాసనసభ్యుని చాతుర్యం.

ఏది ముందు, ఏది వెనుక?

ఆమె తన కాలాన్ని అన్ని సమస్యల మీదా చల్లలేదు. స్త్రీలు, పిల్లలు - ఈ రెండు మాటల చుట్టూనే తిరిగారు. బడిపిల్లలకు వైద్యపరీక్షలు, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక వైద్య సౌకర్యాలు, బాలికల చదువు గురించి ప్రభుత్వాన్ని అడిగారు. 1928లో ఆడపిల్లల పెళ్లి వయసు 16కు, మగపిల్లలది 21కి పెంచాలని తీర్మానం తెచ్చారు. మరుసటి ఏడాది కేంద్ర శాసనసభ శారదా చట్టాన్ని ఆమోదించింది. అందులో వధువుకు 14, వరునికి 18 అని పెట్టారు. అంటే ఒక రాష్ట్ర సభ్యురాలు కోరిన వయసు దేశం చేసిన చట్టం కంటే ముందడుగే. ఆమె అడిగిన హద్దును భారతదేశం దాటడానికి అర్ధశతాబ్దం పట్టింది: 18, 21 సంవత్సరాల హద్దులు 1978లో వచ్చాయి.

వ్యభిచార గృహాలను అణచడానికి, బాలికల అమ్మకాన్ని ఆపడానికి ఉద్దేశించిన మద్రాసు చట్టం 1930లో వచ్చింది. దాని వెనుక ఆమె కృషి ఉంది. అయితే ఆమె పేరు చరిత్రలో నిలిచింది దేవదాసీ సమస్య వల్ల. ఒక శాసనసభ్యురాలి పనితీరు బాగా తెలిసేది కూడా అక్కడే. అందుచేత దానిని కొంచెం నిదానంగా చూద్దాం.

చట్టం ఉంది కదా, మరొకటెందుకు?

చిన్నపిల్లకు దేవుడి పేరిట బొట్టు కట్టి ఆలయసేవకు అంకితం చేయడం దక్షిణదేశంలో పాత ఆచారం. ఆ పిల్ల ఇక ఎవరినీ పెళ్లాడకూడదు. మన వైపు వారిని సానులు, భోగంవారు, కళావంతులు అనేవారు. సంగీతం, నృత్యం, సాహిత్యం వారి ఇళ్లలో బ్రతికాయి. కాని ఆ కళకు వెనుక ధనికుని పోషణ, ఆ పోషణకు వెనుక ఆ పిల్ల శరీరం ఉన్నాయి. మన వీరేశలింగం పంతులుగారు వేశ్యా సాంప్రదాయం మీద కలం ఝళిపించింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. 1890ల నుంచి మద్రాసులో సంస్కర్తలు భోగంమేళాలకు పోవద్దని ప్రచారం చేశారు. మేళాలు కొంత తగ్గాయి. పిల్లలకు బొట్టు కట్టడం మాత్రం ఆగలేదు.

1927 నవంబరులో ముత్తులక్ష్మీరెడ్డి ఈ ఆచారాన్ని చట్టం ద్వారా ఆపాలని సభలో తీర్మానం ప్రవేశపెట్టారు. దానికి ఎదురైన మొదటి జవాబు ఈనాటికీ మనం వింటున్నదే: ‘చట్టం ఉంది కదా!’ నిజమే, ఉంది. అప్పటి భారత శిక్షాస్మృతి 372, 373 సెక్షన్లు మైనరు బాలికను వ్యభిచారానికి అమ్మడం, కొనడం నేరమనేవి. 1924లో ఆ వయసును 18కి పెంచారు కూడా. మరి చిక్కెక్కడ? అంకితం చేసిన రోజున ఆలయంలో జరిగేది ఒక పూజ. ఆ పిల్ల ఫలానా పనికే ఉద్దేశింపబడిందని కోర్టులో రుజువు చేయాలి. సాక్ష్యం ఎవరిస్తారు? తల్లా, పూజారా, ఊరి పెద్దా? పైగా 18 దాటాక కడితే ఆ సెక్షన్లకు పనే లేదు. కాబట్టి చట్టం పుస్తకంలో ఉంది, పిల్ల ఆలయంలో ఉంది. రెండింటికీ మధ్య దారి లేదు. ఈ చిక్కును సభకు విప్పి చెప్పడమే ఆమె మొదటి విజయం. సభ తీర్మానాన్ని ఆమోదించింది.

ముడి భూమి దగ్గర ఉంది

తీర్మానం నెగ్గింది. చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయే సభ్యులు ఇక్కడితో ఆగిపోతారు. ఆమె ఆగలేదు. అసలు తల్లులు కన్నకూతుళ్లకు ఎందుకు బొట్టు కడుతున్నారు? భక్తి ఒక్కటే కారణమా? కాదు, భూమి కూడా కారణం. పాత రాజులు, జమీందారులు ఆలయసేవ చేసే దేవదాసీలకు ఇనాం భూములిచ్చారు. సేవ ఉన్నంతకాలం భూమి. సేవ మానితే భూమి పోతుంది. తల్లి ముసలిదై సేవ చేయలేకపోతే ఆ సేవకు కూతురు ఉండాలి. కూతురు లేకపోతే ఒక పిల్లను దత్తు తెచ్చుకోవాలి. పిల్లకు బొట్టు కట్టకపోతే కుటుంబానికి తిండి లేదు. ఇటువంటి స్థితిలో ‘బొట్టు కట్టడం నేరం’ అని ఒక్క వాక్యం రాస్తే ఏమవుతుంది? ఆ స్త్రీ నేరస్థురాలైనా కావాలి, బిచ్చగత్తె అయినా కావాలి.

అందుకని ఆమె నేరం, శిక్ష జోలికి పోకుండా ముందు భూమిని పట్టుకున్నారు. మద్రాసు హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ బిల్లు తెచ్చారు. దాని సారాంశం ఇది: దేవదాసీ అనుభవంలో ఉన్న ఇనాం భూమికి సేవ అనే షరతును తొలగించాలి. సేవ చేయకపోయినా భూమి ఆమెకే ఉండాలి. ఇక ఆలయం ఆమెను సేవకు బలవంతపెట్టరాదు. సవరణ 1929లో చట్టమైంది.

ఆలోచించి చూడండి. ఇందులో ఉపన్యాసానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ‘షరతు’, ‘ఇనాం’, ‘శిస్తు’ - అంతా కరణంగారి కచేరీ భాష. కాని సంస్కరణ బలమంతా అక్కడే ఉంది. మనిషి మారాలని చెప్పడానికి ముందు ఆ మనిషి మారడానికి కాస్త వీలు కల్పించడం - మంచి శాసనానికి ఇది లక్షణం. పైగా ధర్మాదాయాలకు సంబంధించిన చట్టం అప్పటికే ఉంది గనుక కొత్త బిల్లుకు పట్టే కాలం కూడా కలిసొచ్చింది.

ఎదురు వాదనలు

1930 ఆరంభంలో ఆమె అసలు బిల్లు ప్రవేశపెట్టారు: ఆలయాలకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని నిషేధించే బిల్లు. ఇక్కడ వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తిగారు స్వాతంత్ర్య సమరంలో మొదటి వరుసలోనివారే. ఈ విషయంలో మాత్రం సంప్రదాయం వైపు నిలబడ్డారు. మతాచారాల్లో పరాయి ప్రభుత్వపు చట్టం తలదూర్చకూడదని, ఆలయకళ పోతుందని ఆ పక్షం వాదం.

దానికంటే శ్రద్ధగా వినవలసినది దేవదాసీల వాదం. మద్రాసులోని వారి సంఘం ప్రభుత్వానికి విజ్ఞప్తులు పంపింది. అందులో ప్రముఖురాలు బెంగుళూరు నాగరత్నమ్మగారు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషి, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి వద్ద ఆలయం కట్టించిన భక్తురాలు ఆమే. మేము వేశ్యలం కాము, మమ్మల్ని అందరినీ ఒకే గాటన కట్టవద్దు, మా పిల్లలకు చదువూ కళాశిక్షణా ఇప్పించండి, మా ఆస్తిహక్కూ గౌరవమూ తీసేయకండి అన్నది వారి కోరిక. ఆనాటి హిందూ స్త్రీలలో స్వంత ఆస్తి, అక్షరజ్ఞానం ఉన్న కొద్దిమందిలో వీరూ ఉన్నారన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదని తెలుస్తుంది. ఇంకొకవైపు అదే సమాజంలో పుట్టిన మూవలూరు రామామృతమ్మాళ్ చట్టం కావాలని ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. కనుక ‘దేవదాసీలు వద్దన్నారు’ అనడమూ తప్పే, ‘అందరూ కావాలన్నారు’ అనడమూ తప్పే.

ముత్తులక్ష్మీరెడ్డి ఆడపిల్ల బాల్యాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. పెద్దయినాక ఎవరు ఏ వృత్తి చేసినా అది వారి ఇష్టం. ఏమీ తెలియని వయసులో పిల్ల జీవితాన్ని మరొకరు నిర్ణయించడం అన్యాయం - ఆమె వాదానికి పునాది ఇదీ. ఈ పునాది బలమైనది. కాని కళ సంగతి, ఆ స్త్రీల గౌరవం సంగతి నాగరత్నమ్మగారు అడిగిన ప్రశ్నకు సభలో పూర్తి జవాబు రాలేదు. తర్వాత జరిగింది మనకు తెలుసు. నాట్యం కొత్త పేరుతో, కొత్త కులాల పిల్లలతో సభావేదికలకెక్కింది. దానిని కాపాడినవారు చీకట్లో ఉండిపోయారు. మన వైపు నటరాజ రామకృష్ణగారు ముదుసలి కళావంతులను వెతికి పట్టుకుని ‘ఆంధ్రనాట్యా’న్ని వెలుగులోకి తీసుకురావలసి వచ్చింది. భూమి విషయంలోనూ, స్త్రీ పేరున ఉన్నది కాలక్రమాన ఇంటి మగవారి చేతికి పోయిందని కొందరు పరిశోధకులు అంటారు. శాసనకర్త లెక్కలో ఈ పద్దు కూడా రాయాలి.

రాజీనామా - పదిహేడేళ్ల నిరీక్షణ

1930 మే నెలలో ఉప్పు సత్యాగ్రహం సందర్భంగా గాంధీగారిని అరెస్టు చేశారు. ముత్తులక్ష్మీరెడ్డి నిరసనగా సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. నిషేధపు బిల్లు అక్కడే ఆగిపోయింది. ఎంతో శ్రమపడి తెచ్చిన బిల్లును వదిలి బయటకు రావడం మంచిదా కాదా అని ఈనాడు కూర్చుని వాదించవచ్చు. ఉండి ఉంటే బిల్లు నెగ్గేదేమో. నామినేట్ చేసిన ప్రభుత్వం దేశాన్ని జైల్లో పెడుతుంటే ఆ కుర్చీలో కూర్చోవడం ఆమె మనసుకు ఒప్పలేదు. ఆ ఏడాదే ‘మై ఎక్స్‌పీరియన్స్ యాజ్ ఎ లెజిస్లేటర్’ అనే పుస్తకంలో తన సభా అనుభవాలను ప్రకటించారు. పదవి దిగినాక తాను ఏం చేసిందీ ప్రజలకు లెక్క అప్పజెప్పే సభ్యులు ఎందరు!

చట్టం ఆగినా పని ఆగలేదు. ఆ ఆచారాన్ని వదిలి వచ్చిన బాలికలకు హాస్టళ్లలో చోటు దొరక్కపోతే తానే ఆశ్రయమిచ్చారు. అదే 1930లో పుట్టిన అవ్వై హోం. 1947లో, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిలో, మద్రాసు దేవదాసీల అంకిత నిరోధక చట్టం వచ్చింది. అంకితం చేయడం చట్టవిరుద్ధమైంది. అంకితమైన స్త్రీ చేసుకునే వివాహం చెల్లుతుందని కూడా అది స్పష్టం చేసింది. 1927 తీర్మానం నుంచి లెక్కిస్తే ఇరవై ఏళ్లు, 1930 బిల్లు నుంచి పదిహేడేళ్లు. ఆ తర్వాత ఆమె స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పని ప్రారంభించింది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968లో కన్నుమూశారు. తమిళనాట గర్భిణులకిచ్చే ప్రభుత్వ సహాయ పథకం ఆమె పేరిటే ఉంది.

మన జిల్లాల సంగతి

1947 చట్టంతో కథ ముగిసిందనుకుంటే పొరపాటు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రానిది. తెలంగాణ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. అదీగాక పెద్ద ఆలయాల దేవదాసీలు ఒక తరంలో తెరమరుగైనా, గ్రామదేవతల పేరిట దళిత బాలికలను అంకితం చేయడం సాగుతూనే వచ్చింది. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ - పేర్లు వేరు, బాధ ఒకటే. వీరికి ఇనాం లేదు, సంగీతం లేదు, సంఘం లేదు. ఊరి పెద్దల కోరిక తప్ప మరేమీ లేదు. నిజామాబాదు జిల్లా వర్నిలో హేమలతా లవణంగారు, లవణంగారు జోగినులతో పనిచేసి వారి బిడ్డలకు చదువు చెప్పించిన కాలంలోనే, 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్రమంతటికీ వర్తించే దేవదాసీ నిషేధ చట్టం చేసింది. అందులో ఇటువంటి స్థానిక పేర్లన్నీ చేర్చి, తల్లిదండ్రులు, సంరక్షకులే అంకితం చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ అని రాశారు.

ఇక్కడ 1929నాటి పాఠం మళ్లీ గుర్తుకొస్తుంది. శిక్ష పెంచడం సులువు. కాని కూతురుకు బొట్టు కట్టే తల్లి కూలికి పోయే మనిషి. ఆమెకు రెండెకరాలు, ఇల్లు, పిల్లకు బడి దొరికేదాకా శిక్ష ఒక్కటే ఏం చేస్తుంది? జోగినుల పునరావాసానికి భూమి ఇవ్వాలన్న కోరిక మళ్లీ మళ్లీ వినిపించడానికి కారణం ఇదే.

మనం అడగవలసిన ప్రశ్నలు

ఈ పరిశీలన నుంచి మనకు పనికివచ్చే ప్రశ్నలు కొన్ని తేలుతున్నాయి. మన నియోజకవర్గపు సభ్యుడు తన కాలంలో ఏ సమస్యను ముందు పెట్టుకున్నాడు? దానిమీద మాట్లాడి ఊరుకున్నాడా, తీర్మానమో సవరణో బిల్లో తెచ్చాడా? ఆ చట్టంతో ఎవరి జీవితం మారుతుందో వారి తిండిగింజల సంగతి అందులో ఉందా? ఎదుటిపక్షం వాదానికి, ముఖ్యంగా బాధపడేవారి వాదానికి జవాబిచ్చాడా? తన కాలంలో పూర్తికాని పనిని మరొకరు అందుకునేట్టు ఉంచి వెళ్లాడా?

వీటికి జవాబులు రహస్యం కాదు. శాసనసభ చర్చలు అచ్చవుతాయి, గ్రంథాలయంలో ఉంటాయి. రాజనీతిశాస్త్రం చదివే మన విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క శాసనసభ్యుని పేరు తీసుకుని, ఐదేళ్ల చర్చలు తిరగేసి, ఈ ఐదు ప్రశ్నలకు నాలుగు పేజీల్లో జవాబు రాస్తే అది ఎన్ని ఎన్నికల ఉపన్యాసాలకైనా సాటి వస్తుంది. ముత్తులక్ష్మీరెడ్డి లెక్క మనం ఇంత వివరంగా చూడగలిగామంటే, ఆమె ఏం చేసిందీ కాగితం మీద ఉంది గనుకనే. ఇప్పటివారిదీ కాగితం మీద ఉంది. తీసి చదివేవారే కావాలి.